ఎడమ కన్ను చెప్పిన అంకె

శారదాంబ ఎడమ కంటికి శుక్లం ఆపరేషనై పదహారు రోజులైంది. మెట్లెక్కొచ్చని డాక్టరమ్మ చెప్పిన రోజు సాయంత్రమే ఆమె మైలాపూరు ఇంటి మేడ మీద చాప పరిచేసింది. ఫిబ్రవరి మొదటి శనివారం, ఏడున్నర దాటింది. ఆర్ద్రా నక్షత్రం నడినెత్తికి ఎగబాకుతూ ఎర్రగా వెలుగుతోంది.

ముప్పై ఒక్క ఏళ్ళుగా, ఆర్ద్ర కనిపించే నెలల్లో మబ్బు లేని ప్రతి శనివారమూ ఆమె పని ఒకటే. ఆర్ద్ర ఎంత వెలుగుతోందో పక్క చుక్కలతో పోల్చి నోటుపుస్తకంలో ఒక అంకె వేయడం. తారల తారతమ్యం అన్నమాట. ఇందులో అంకె పరీక్ష ర్యాంకు లాంటిది, చిన్నదైతే గొప్ప. రీగెల్ అనే నీలి చుక్కది సున్నా పాయింటు ఒకటి, నారింజ రంగు రోహిణిది పాయింటు తొమ్మిది. ఆ రెండింటి మధ్యా ఆర్ద్ర ఎక్కడ కూర్చుందో కన్నే చెప్పాలి. ఆడపిల్లల బడిలో ఫిజిక్సు చెప్పి రిటైరైన ఆమె కన్నంటే, పాతికమంది చుక్కల పిచ్చివాళ్ళున్న వాళ్ళ తారామండలిలో అందరికీ గురి.

ఈ ఏడు ఆ పుస్తకాలకి యోగం పట్టింది. గత జులైలో హవాయి దీవుల్లోని పెద్ద టెలిస్కోపొకటి ఆర్ద్రని అంటిపెట్టుకుని తిరిగే తోడు చుక్కని పట్టుకుంది. అది సుమారు ఆరేళ్ళకోసారి చుట్టి వస్తుందట. ఆర్ద్ర వెలుగు ఆరేళ్ళకోసారి పెరిగి తరగడానికి కారణం అదే కావచ్చట. ఇన్నాళ్ళూ ఒంటరిగాడనుకున్న పెద్దమనిషికి ఒక సంసారం ఉందని తేలినట్టయింది. ఒకే మనిషి, ఒకే మేడ, ముప్పై ఒక్క ఏళ్ళ అంకెలు. మండలి కార్యదర్శి అమరనాథ్ వాటన్నిటినీ టైపు చేయించి, ప్రత్యేక సంచికగా సోమవారం అచ్చుకి పంపబోతున్నాడు.

శారదాంబ కుడి కన్ను మూసి, కొత్త కంటితో రీగెల్ వైపు చూసింది. అది నీలంగా ఉంది. నీలమని ఆమెకి తెలుసు, పిల్లలకి చెప్పింది కూడా. చూసి మాత్రం ఎన్నాళ్ళయిందో గుర్తు రాలేదు. ఎడమ కన్ను మూసి కుడి కంటితో చూసింది. ఆ కంటికి ఆపరేషను వచ్చే గురువారం. అందులో రీగెల్ పాత దీపం చిమ్నీలోంచి చూసినట్టు మసకగా, పచ్చగా ఉంది. ఎర్ర ఆర్ద్ర మాత్రం ఏమీ తగ్గలేదు.

ఎడమ కన్ను పాయింటు ఐదంది. కుడి కన్ను పాయింటు రెండంది.

శుక్లమంటే తెలుపే. ఆ తెలుపు పేరుగలది లోకాన్నంతా పచ్చ చేసి, నీలాన్ని మింగి, ఎరుపుని వదిలేసింది. పక్క చుక్క మసకబారితే ఆర్ద్ర వెలిగినట్టే కదా. మూడేళ్ళ కిందట ఆర్ద్ర నిజంగానే వెలిగింది. తర్వాత లోకం మొత్తానికీ తగ్గింది, శారదాంబ పుస్తకంలో తప్ప. ఎర్ర చుక్క విషయంలో మనిషికో అంకె రావడం మామూలే గనక ఎవరూ ఆమెని అడగలేదు. పొర కంట్లోది, పొరపాటు పుస్తకంలోది.

పళని వచ్చేసరికి ఆమె చాప మీద లేచి కూర్చుని ఉంది. అతను హార్బరులో క్రేను నడిపిన మనిషి. తొండియార్‌పేట నుంచి రైలెక్కి పద్నాలుగేళ్ళుగా శనివారాలు వస్తున్నాడు. ఇద్దరూ చెరొక చీటీ మీద అంకె రాసి, ఒకేసారి విప్పి చూసుకుంటారు. తేడా మరీ ఎక్కువుంటే శారదాంబ, టీచరు అలవాటు కొద్దీ, మళ్ళీ చూడు పళనీ అనేది. అతను మళ్ళీ చూసి దిద్దేవాడు. దిద్దిన ఆ అంకెలే సంచికలో ఆమె అంకెల పక్కన సరిచూపుగా చేరాయి.

ఆమె సంగతంతా చెప్పింది. అతను పిట్టగోడకి ఆనుకుని కూర్చున్నాడు.

"నాకు ఐదుగానే కనిపిస్తా ఉండెనక్కా. మూడేండ్లుగా."

"మరి రెండని ఎందుకు రాస్తివి?"

"నువ్వు మళ్ళీ చూడమంటివి గదా. నీ కన్ను తప్పు చెప్తాదని నేననుకుంటానా? నా కన్నే పోయిందనుకున్నా. హార్బరులో డాక్టరు దగ్గిరికి కూడా పోయొచ్చినా. బాగుందన్నాడు. ఆయన్నీ నమ్మలేదు."

శారదాంబ తప్పుకి కారణం శుక్లం. అతని తప్పుకి కారణం తనే. అతను చూసిన అంకెలు ఏ కాగితం మీదా లేవు. అవి పోయినట్టే.

ఆమె అమరనాథ్‌కి ఫోను చేసింది. సంచిక పేజీలు కూడా తయారయ్యాయని, అడుగున ఒక చిన్న గమనిక వేస్తే చాలని, ఇంత సేవ చేసినావిడని ఎవరూ తప్పుపట్టరని అతను నచ్చజెప్పబోయాడు.

"అది అచ్చయితే ఆర్ద్ర చరిత్ర కాదు నాయనా, నా శుక్లం చరిత్ర. పొర ముందే మొదలై ఉంటాది, చివరి నాలుగేండ్లూ తీసేయి. పళనివీ తీసేయి. అతనిది తప్పు కాదని రాసి తీసేయి."

తోడు చుక్క సంగతి తేల్చడానికి కావలసింది సరిగ్గా ఆ నాలుగేళ్ళేనని అతను నిట్టూర్చాడు. దిద్దడానికి వీలేమీ లేదా అన్నాడు. లేదనబోయి శారదాంబ ఆగింది. కుడి కన్ను ఇంకా ఉంది. తప్పు చెప్పే కన్ను, గురువారం దాకా.

ఫోను పెట్టేసి కూతురు శ్రీప్రియని పైకి పిలిచి, గురువారం ఆపరేషను ఆపించమంది. ఆర్ద్ర పడమట దిగిపోయే దాకా, అంటే ఏప్రిల్ ఆఖరు దాకా. రెండు కళ్ళతోనూ విడివిడిగా చూసి రాస్తే, పాత కన్ను ఎంత తప్పుతోందో తెలుస్తుంది.

"ఎన్నమ్మా ఇది," అంది శ్రీప్రియ. "ఒక కన్ను అట్లా, ఒక కన్ను ఇట్లా ఉంటే మెట్లు తెలీవని డాక్టరే చెప్పింది గదా. పడితే? ఇంతా చేసి ఆ నాలుగేళ్ళూ సరవుతాయా?"

"కావు. పొర ఏ ఏడు ఎంత ముదిరిందో ఎవురికి తెలుసు? ఈ కొసన ఎంతో తెలుస్తాది. అంతే."

"అంతే దానికా?"

"అంతే దానికే. మెట్లు నువ్వు పట్టుకుని దింపు."

శ్రీప్రియ తల్లినీ, పళనినీ మార్చి మార్చి చూసింది. సరే అనలేదు. ఫోనులో డాక్టరు నంబరు మాత్రం వెతకసాగింది.

పళని కొత్త పేజీలో నిలువుగా గీత కొట్టి, ఒక పక్క కుడి అనీ ఒక పక్క ఎడమ అనీ రాశాడు. తన అంకె ముందే వేరే కాగితం మీద వేసి జేబులో పెట్టుకున్నాడు. శారదాంబ వెల్లకిలా పడుకుని ఎడమ కంటి మీద అరచెయ్యి ఉంచుకుంది. తేరిపార చూస్తే ఎర్ర చుక్క లేని వెలుగు తెచ్చుకుంటుంది గనక, అలవాటైన చూపుతో ఒకసారి ఆర్ద్ర వైపూ ఒకసారి రీగెల్ వైపూ చూసింది.

ముందు తప్పు అంకె చెప్పింది. పళని రాసుకున్నాడు.