పటంలో లేని మూత

నేను ఒక మ్యాన్‌హోల్ మూతను. మ్యాన్‌హోల్ అన్నది ఆఫీసు మాట. మా గల్లీలో నన్ను మోరీ మూత అనేవారు, అదీ ఎవరి బొటనవేలైనా తగిలి చిట్లినప్పుడే. మిగతా రోజుల్లో నాకు పేరే లేదు. కాళ్ళ కింద ఏముందో చూసుకునే తీరిక మనుషులకు తక్కువ.

పాత పంపులూ విరిగిన కుట్టుమిషన్ చక్రాలూ కరిగించి, ఇసుక అచ్చులో పోసి నన్ను తయారుచేశారు. నా వీపు మీద గళ్ళు గళ్ళుగా అచ్చు వేశారు. అందం కోసమేమోనని కొన్నాళ్ళు మురిసిపోయాను. వానాకాలంలో జనం జారిపడకుండా ఉండటానికట! నా మురిపెం అంతటితో తీరింది.

మున్సిపాలిటీ వాళ్ళు నన్ను మా గల్లీలో రోడ్డు అంచున బిగించారు. నా కింద నిలువెత్తు గొయ్యి. ఒకవైపు నుంచి మురుగు వచ్చి, మరోవైపుకు సాగిపోయేది. ఆ గొయ్యికి అడ్డంగా తాగునీటి ఇనుప పైపు ఒకటి వెళ్ళేది. అలా ఎందుకు వేశారని నన్ను అడగకండి. ఎలాగూ తవ్వాం కదా, మళ్ళీ ఇంకోచోట తవ్వడం దేనికి అనుకొని ఉంటారు. మంచినీళ్ళూ మురుగూ ఒకే ఇంట్లో వేరు కాపురాలు పెట్టినట్టు ఉండేవి. పైపు గట్టిగా ఉన్నన్నాళ్ళు ఏ గొడవా లేదు.

అప్పట్లో నా ఎదుట ఖాళీ జాగా. బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైన వీరేశం దాన్ని కొని ఇల్లు కట్టాడు. గేటు సరిగ్గా నా ఎదురుగా వచ్చింది. గృహప్రవేశానికి వచ్చిన సిద్ధాంతి గేటు దగ్గరే ఆగిపోయి, సింహద్వారం ముందు గొయ్యి ఉంటే యజమానికి ప్రాణగండం అన్నాడు. పాపం వీరేశం ఆ పూట అన్నం ముట్టలేదు. చెడ్డవాడు కాదు, వట్టి భయస్తుడు. వారం తిరగకుండా మేస్త్రీని పిలిపించి, గేటు నుంచి రోడ్డు దాకా సిమెంటు ర్యాంపు పోయించాడు. నేను దాని కింద పూడిపోయాను. మర్నాటి నుంచి ఆయన భార్య సులోచన నా మీద ముగ్గు వేయడం మొదలుపెట్టింది. అంతకాలం ఉమ్మి తప్ప ఏదీ పడని వీపు మీద ముగ్గు! నవ్వాలో ఏడవాలో తెలియలేదు. అప్పటి నుంచి నాకు చూపు లేదు, వినికిడి మాత్రమే మిగిలింది.

కొన్నేళ్ళకు ఊరి కింద ఉన్న నీటి పైపులు, మురుగు పైపులు, వాల్వులు, మూతలు అన్నీ కంప్యూటర్ పటంలోకి ఎక్కించాలని మున్సిపాలిటీ తలపెట్టింది. ఆ పని మీద నవనీత అనే ఇంజనీరమ్మ మా గల్లీకి వచ్చింది. ఆమె సర్వే కర్ర సిమెంటు మీద టక్కున ఆనింది. సరిగ్గా నా నడినెత్తిన.

"ఈడ మూత ఉండాలె గదా సార్? లైను ఇట్లనే వస్తున్నది," అందామె.

"మా ఇంటి ముంగట ఏం లేదు బిడ్డా," అన్నాడు వీరేశం. "ఎండల తిరుగుతున్నవ్, లోపలికి రా, చాయ్ తాగు."

చుట్టూ ఇరుగుపొరుగు చేరారు. నేనున్నానని వాళ్ళందరికీ తెలుసు. ఒక్కరూ నోరు విప్పలేదు. మా గల్లీలో దాన్ని అబద్ధం అనుకోరు. ఎదుటివాళ్ళ గుమ్మం మంచిచెడ్డలు మనం బయటపెట్టకూడదు, అది మర్యాద. సులోచన చాయ్ పోసింది, నవనీత తాగింది. పటంలో మురుగు లైను నా మీదుగా చక్కగా సాగిపోయింది, నేనున్న చోట మూతకు గుర్తుగా పెట్టే చుక్క పడలేదు. నాకు గొంతు లేనందుకు మొదటిసారి ఏడ్చాను.

పటంలో లేని గొయ్యిని శుభ్రం చేసేదెవరు? పూడిక తీసే బండి వచ్చినప్పుడల్లా చుక్కలున్న చోట ఆగి, నన్ను దాటి వెళ్ళిపోయేది. నా గొయ్యిలో మట్టి పేరుకుంది, మురుగు మట్టం పెరిగి పైపును ముంచేసింది. పైపు తుప్పుపట్టి చిల్లుపడింది. నల్లా వదిలినంతసేపు అందులోంచి మంచినీళ్ళు బయటికి చిమ్మేవి. నల్లా కట్టేశాక అదే చిల్లు మురుగును లోపలికి పీల్చుకునేది. ఆ చప్పుడు నేను రోజూ విన్నాను.

వీరేశం ఇంటి వెనక వాటాలో భిక్షపతి, జమున అద్దెకుండేవారు. అతను మోటార్లు బాగుచేసేవాడు. పెళ్ళైన చాలా ఏళ్ళకు జమునకు కడుపు పండింది. సులోచన ఆమెను బరువు ఎత్తనిచ్చేది కాదు, గేటు పక్క నల్లా దగ్గర బిందెలు తనే నింపి ఇచ్చేది. జమున మాత్రం ర్యాంపు మీద నిలబడి, దోసిలి పట్టి తాగేది.

"ఏం తిన్నా సయిస్తలేదు పెద్దమ్మా, ఈ నీళ్ళే నోటికి మంచిగనిపిస్తున్నయ్," అనేది.

తాగకు తల్లీ అని నేను ఇనుములోని ఇనుమంతా బిగబట్టుకున్నాను. ఏం లాభం?

ముందు గల్లీలో నలుగురైదుగురికి పచ్చకామెర్లు వచ్చాయి. వాళ్ళు పసరు తాగారు, పథ్యం చేశారు, లేచి తిరిగారు. తరవాత జమునకు వచ్చాయి. కడుపుతో ఉన్నవాళ్ళకు ఇది ప్రాణం మీదికి తెస్తుందని, ఆ నీళ్ళు ఇక ముట్టవద్దని డాక్టరు చెప్పాడట. మంచినీళ్ళలో మురుగు ఎక్కడ కలుస్తోందో పట్టుకోవడానికి నవనీత మనుషులను వెంటబెట్టుకొని పరుగున వచ్చింది. పటం చూసి, చుక్కలున్న చోటల్లా తవ్వించింది. నా మీదే నిలబడి, ఇక్కడ గొయ్యి లేదు కాబట్టి ఇక్కడ కలిసే వీల్లేదని తేల్చేసింది.

వాళ్ళు వెళ్ళాక గేటు దగ్గర మొగుడూపెళ్ళాల మాటలు విన్నాను.

"చెప్పరాదు వాళ్ళకు? ఆ పిల్ల కండ్లు పసుపు ముద్దలైనయ్."

"తెరిస్తె నా పానం పోతదే. ఇల్లు జొచ్చిన నాడు అయ్యగారు అన్నడా లేదా?"

"మరి దాని పానం?"

"కానుపు కానియ్యి, అప్పుడు చెప్దాం," అన్నాడు వీరేశం.

సులోచన ఊరుకుంది. మొగుడి భయాన్ని తన భయంగా మోయడం ఆమెకు ఏళ్ళ తరబడి అలవాటు. కానీ జమునకు స్పృహ తప్పి, పెద్దాసుపత్రికి తీసుకుపోయిన పొద్దున మాత్రం ముగ్గు గిన్నెకు బదులు గడ్డపార పట్టుకొని వచ్చింది. గల్లీ అంతా చూస్తుండగా సిమెంటును తానే పగలగొట్టింది. ఒక దెబ్బ గురి తప్పి నా అంచు చిట్లింది. తగలనీ అనుకున్నాను, ఇంకా కొట్టు తల్లీ, తొందరగా కొట్టు అనుకున్నాను.

కబురందుకుని నవనీత వచ్చింది. గొయ్యిలోకి టార్చి వేసి, చిల్లు చూసింది. ఆ రోజే పైపు కోయించి పక్కకు మళ్ళించింది, పటంలో చుక్క పెట్టింది. నన్ను ప్రహరీ గోడకు ఆనించారు. గల్లీలో నీళ్ళు తేటపడ్డాయి.

మర్నాడు జమున పోయింది. కడుపులోని బిడ్డ కూడా దక్కలేదు.

పరామర్శకు వచ్చినవాళ్ళకు నవనీత పైపు ముక్క చూపించి, జరిగిందంతా విడమరిచి చెప్పింది. అందరూ తలలూపారు. ఆమె అటు వెళ్ళగానే గుసగుసలు మొదలయ్యాయి.

"నిన్న మూత తీసిన్రు, ఇయ్యాల పానం పోయింది. అయ్యగారు ఊకెనే అన్నడా?"

వీరేశం గుండెలు బాదుకుని ఏడ్చాడు. "నా గండం ఆ పిల్ల మీదికి పోయింది," అన్నాడు. అది దొంగ ఏడుపు కాదు, నిజంగానే అలా నమ్మాడు. భిక్షపతి లేచి సులోచన ముందుకు వచ్చాడు. తిట్టలేదు, చెయ్యెత్తలేదు.

"ఎందుకు తెరిచినవ్ పెద్దమ్మా?" అని అడిగాడు.

ఆ చిల్లు మురుగు పీల్చిన చప్పుడు రోజూ విన్నదాన్ని నేనొక్కదాన్నే, నేనేమో ఇనుమును.

అంచు చిట్లిన మూత పనికిరాదట, ఇప్పుడు నేను మున్సిపాలిటీ నీళ్ళ ట్యాంకు కింద తుక్కు కుప్పలో ఉన్నాను. మళ్ళీ కరిగించి ఏం చేస్తారో తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. మనుషుల మీద చిన్న చిన్న విసుర్లు విసురుతూ కాలం గడిపినదాన్ని, ఆ హుషారు కూడా చచ్చిపోయింది. మొన్న తుక్కు దింపడానికి వచ్చినవాళ్ళు మా గల్లీ సంగతి మాట్లాడుకున్నారు. నా చోట వేసిన కొత్త మూత మీద అప్పుడే సిమెంటు పడిందట. వీరేశం వద్దనలేదు, పొయ్యమనీ అనలేదట. ఇసుక తెచ్చి, నీళ్ళు కలిపి, తన చేతుల్తో పోసింది సులోచనే.