గింజలో నీళ్ల వయసు

నీళ్లు పోసింది మీరు.

మా కాళియమ్మాళ్ కాదు. యజమానిగా గోడౌన్ తాళం చేతిలో పెట్టుకుని, తలుపులు మూసి, తూకం పెరగాలని శెనక్కాయ బస్తాల మీద నీళ్ల గొట్టం తిప్పింది మీరే మొదలాళీ.

ముక్కు మూసుకోకండి. వాసన చూడండి.

గోనె విప్పితే ఎండిన మట్టి వాసన రావాలి. వచ్చిందేమిటి... మూలన పడేసిన తడిగుడ్డ వాసన. గొంతులో చేదు దిగే వాసన.

ఆ కాయ ఒలిచిన పప్పును విరుదునగర్ నూనె మిల్లు తిప్పి పంపింది. కోవిల్‌పట్టికి, మీ గోడౌన్‌కి.

అప్పుడు మీకొక మనిషి కావాల్సొచ్చింది.

కాయలొలిచే మా ఆడవాళ్లలో పెద్దది కాళియమ్మాళ్. ఆమెను కాటా ముందు నిలబెట్టారు.

"ఒలిచేముందు కాయ తడిపినావా, లేదా?"

తడిపింది. అందరమూ తడుపుతాం. ఎండుకాయ గోళ్లను చీరేస్తుంది. దోసెడు నీళ్లు చల్లి, పెంకు మెత్తబడ్డాక ఒలుస్తాం. మా అమ్మలూ అట్లానే ఒలిచారు.

"తడిపినాను సామీ."

ఒక్క మాట. పదిహేడేళ్ల పని పోయింది.

ఎన్ని నీళ్లు, ఏ రోజు నీళ్లు — ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. తన వేళ్లే పప్పును చెడగొట్టాయని నమ్మింది. అన్నం కలిపేటప్పుడు కూడా ఆ వేళ్లను చూసుకునేది...

అడిగింది ఆమె మేనకోడలు వాసుకి. మనుషుల్ని కాదు. నీళ్లనే.

వాసుకికి విరుదునగర్ కాలేజీ ల్యాబులో పని. అక్కడ బియ్యం డబ్బా అంత పెట్టె ఒకటుంది. లోపల అయస్కాంతం. ఆసుపత్రి ఎమ్మారై స్కానింగులో ఉండేదానికి బక్క చెల్లెలు. గింజను కొయ్యదు, నలపదు. గింజలోని నీటిని ఒక్కసారి కుదిపి వదిలేస్తుంది. ఆ కదలిక ఎంతసేపటికి అణిగిందో గీత గీసి చూపిస్తుంది.

పప్పు తిరిగొచ్చిన పొద్దే వాసుకి గుప్పెడు తీసుకెళ్లి గీత తీసి దాచింది. తర్వాత మంచి కాయ తెచ్చి, తానే తడిపి, రోజూ పెట్టెలో పెట్టి చూసింది.

కాళియమ్మాళ్ కూడా చూడ్డానికి పోయింది.

"దీనికి నోరుందా?"

"లేదత్తా. గీత ఒక్కటే."

"మంచిదే. నా మాదిరి తొందరపడి ఒప్పుకోదు."

నీళ్లు తగిలితే గింజ నిద్ర లేస్తుంది. లోపలి ఎంజైములు నూనెను విరగ్గొట్టడం మొదలుపెడతాయి. వదులుగా తిరిగే నీళ్లను గింజ తనలోకి పట్టుకుంటుంది. పూటపూటకీ గీత మారుతుంది.

నీళ్లకు వయసొస్తుంది.

కాళియమ్మాళ్ తడిపి ఒలిచింది పప్పు తిరిగి రావడానికి రెండు రోజుల ముందు.

రెండో రోజు గీత, దాచిన గీతతో కలవలేదు.

ఐదో రోజుదీ కలవలేదు.

తొమ్మిదో రోజుది... మీ పప్పు గీత మీద సరిగ్గా కూర్చుంది.

తొమ్మిది రోజుల ముందు ఆ కాయ మా చేతికే రాలేదు. మీ తాళం వెనక ఉంది. ఆ పొద్దు గోడౌన్ గడప కింద నీళ్లు కారడం మేమంతా చూశాం. నేల కడుగుతున్నారనుకున్నాం!

కాళియమ్మాళ్ గీతను చాలాసేపు చూసింది.

"అయితే మనం చల్లే నీళ్లు గింజకు మంచివేనా వాసుకీ?"

వాసుకి ఎండు గింజ గీత తీసి రెండో రోజు గీత పక్కన పెట్టింది.

దాచం. మా నీళ్లూ నీళ్లే. దోసెడైనా గింజ నిద్ర చెడుతుంది. రెండో రోజు గీత కూడా ఎండు గింజ గీత కాదు.

అందుకే వినండి.

కాయ ఎండుగా ఇవ్వండి. ఎండుకాయ ఒలిచే చేతి మిషన్లు తెచ్చి పెట్టండి... మేమిక తడపం. అంతవరకూ ఒక్క కాయ ముట్టం.

కాళియమ్మాళ్ ఇంటికి మనిషిని పంపకండి. మీరే నడిచి వెళ్లండి. వీధి మొత్తానికీ వినబడేటట్టు, "తప్పు నాది" అని చెప్పండి.

పనికి వస్తుందో రాదో, అది ఆమె ఇష్టం.

మీరు మాత్రం వెళ్లాలి. రేపు కాదు — ఈ పొద్దే.