ఖాళీ ఈతకొలను ఫోటో

లేయాండ్రో అస్కోనా ముప్పై ఏళ్లుగా మా ఊరు ముర్సియా రేడియోలో రోజూ పొద్దున ఎనిమిదింటికి మాట్లాడతాడు. అంతకు మించి అతను చేసిన పని ఏదీ నాకు తెలియదు.

జూలై మొదటి బుధవారం అతనొక ఫోటో గురించి చెప్పాడు. నీళ్లు లేని ఈతకొలను, పక్కన ఒక బోర్డు. "మా పేట మునిసిపల్ కొలను మిగతా అందరికీ మూసేసి మొరాకో ఆడవాళ్లకే ఇచ్చేశారట! మన పిల్లలు ఇంట్లో టబ్బులో ఈదుకోవాలేమో! నేను అనట్లేదు, అడుగుతున్నానంతే," అన్నాడు. రేడియో పేజీలో ఫోటో కూడా పెట్టాడు.

మధ్యాహ్నానికల్లా రెండు వందల మంది దాన్ని మా వాట్సాప్ నంబరుకు పంపి, నిజమేనా అని అడిగారు. మా పని అదే. బాగా తిరుగుతున్న పుకారును తీసుకుని, అది ఎక్కడ పుట్టిందో వెతికి, సంబంధం ఉన్న అందరినీ అడిగి, చివరికి నలుగురం ఓటు వేస్తాం. ఒక్కరు కాదన్నా 'అబద్ధం' అని ముద్ర వేయం.

ఫోటోను పెద్దది చేసి చూశాను. బోర్డు మీద 'ఆల్బెర్కా' అని ఉంది. మా ముర్సియాలో ఆ మాటకు అర్థం నిమ్మతోటకు నీళ్లు నిలవ చేసే తొట్టి. ఈతకొలనును అలా పిలిచేది మెక్సికోవాళ్లు. ముప్పై ఏళ్లు మాటలు అమ్ముకుని బతికినవాడికి ఆ ఒక్క మాట కనబడలేదు. మెక్సికోలో ఇదే పని చేసే సిత్లాలీకి పంపాను.

సాయంత్రం ఫోన్ చేసింది. "ఫుయెన్‌సాంతా, ఇది మా పక్క ఊరిదే! పోయినేడు పలకలు మార్చడానికి ఖాళీ చేశారు. పాత వార్త పంపుతున్నా చూడు. మీవాళ్లకి దొంగిలించడానికి మా కొలనే దొరికిందా?" అని నవ్వింది.

తర్వాత ఇక్కడి కొలనుకు ఫోన్ చేశాను. ఈత నేర్పే యామినా ఎత్తింది. మొరాకో నుంచి వచ్చింది ఆమె తల్లిదండ్రులు. ఆమె పుట్టింది ముర్సియాలోనే. ఆ పొద్దున ఎవరో ఆమె కారు అద్దం మీద ఉమ్మారు. తుడుచుకుని పనిలోకి వెళ్లింది.

"కొలను ఒక్కరోజు కూడా మూయలేదండీ. అందరూ వస్తూనే ఉన్నారు. లేయాండ్రో గారికి తెలియకేం? నిన్ననేగా మనవరాల్ని తీసుకొచ్చారు! గంటసేపు బెంచీ మీద పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ కూర్చున్నారు. తొక్కలు నేనే ఊడ్చా."

నాకు ఒళ్లు మండింది. "ఇది రాస్తానమ్మా."

"వద్దండీ. పాపని ఇందులోకి లాగకండి. ఏడేళ్ల పిల్ల. ఇప్పుడిప్పుడే నీళ్లంటే భయం పోతోంది."

వెంటనే లేయాండ్రోకు ఫోన్ చేశాను.

"నిన్న మీరు అక్కడే ఉన్నారు కదండీ?"

"అయితే ఏంటమ్మాయ్? జనం అడుగుతున్నారు, నేనూ అడిగాను. అడగడం కూడా తప్పేనా?"

"జవాబు కళ్లారా చూసొచ్చి మరీ అడిగారు."

"నీకు పనేం లేనట్టుంది," అని పెట్టేశాడు.

నలుగురం ఓటు వేశాం. అబద్ధం. పాప సంగతి లేకుండానే ప్రచురించాం. అతను దాని గురించి రేడియోలో ఒక్క మాట ఎత్తలేదు.

పై మంగళవారం సిగ్గు లేకుండా మళ్లీ పాపను తీసుకొచ్చాడు. "మనసులో పెట్టుకోకమ్మా," అన్నాడట యామినాతో. ఆమె పాపను నీళ్లలోకి పంపి, తల్లులందరి ముందూ అడిగింది.

"కొలను తెరిచుందా, లేయాండ్రో గారూ?"

"ఆ... ఉంది."

"ఎవరికోసం?"

"అందరికీనమ్మా."

"మరి రేడియోలో అలా ఎందుకన్నారు?"

"అలా అంటేనే కదా వింటారు!"

తల్లుల్లో ఒకామె ఫోన్‌లో అదంతా రికార్డు చేసింది. సాయంత్రానికి ముర్సియా అంతా విన్నది.

మర్నాడు రేడియోలో, అది తన గొంతు కాదని, ఎవరో యంత్రంతో తయారు చేశారని ఏడుపు మొదలుపెట్టాడు. తేల్చండంటూ దాన్ని తనే మాకు పంపాడు! అసలు రికార్డింగు తెప్పించుకున్నాం, అక్కడున్న ముగ్గురు తల్లుల్ని విడివిడిగా అడిగాం, గొంతుల నిపుణుడికి వినిపించాం. నలుగురం ఓటు వేశాం. నిజం.

ప్రచురించే ముందు, ఏమంటారని అడగడానికి అతనికి ఫోన్ చేశాను. అది కూడా మా నియమమే.

"ఫుయెన్‌సాంతా గారూ, కాస్త 'సందేహాస్పదం' అని వేయకూడదా? మనం మనం ఒక ఊరివాళ్లం కదా!"

"యామినాదీ ఈ ఊరేనండీ," అని పెట్టేశాను.

రేడియోవాళ్లు అతన్ని తీసేయలేదు. వినేవాళ్లు పెరిగారట కూడా. మనవరాలిని మాత్రం ఇప్పుడు అమ్మమ్మ తీసుకొస్తోంది. ఆగస్టులో ఆ పిల్ల కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఆగకుండా ఈదిందని యామినా ఫోన్ చేసి చెప్పింది.