తీగ మాది, మాట మీది

నేను ఒక టెలిఫోన్ స్విచ్‌బోర్డుని. బెంగుళూరులో పుట్టి, రైలెక్కి వచ్చి, సచివాలయంలో మెట్ల కింది గదిలో కాపురం పెట్టాను. ఒళ్లంతా రంధ్రాలు, ఒడినిండా తీగలు. ఎవరు ఎవరితో మాట్లాడాలన్నా ఆపరేటరు నా తీగ లాగి, దాని పిన్ను సరైన రంధ్రంలో గుచ్చాల్సిందే. మంత్రిగారి మాటైనా సరే, నాలోంచే వెళ్లాలి. అంత పెద్దరికం నాది.

మొదట రోజ్‌మేరీ గారు నా ముందు కూర్చునేవారు. ఆవిడ రిటైరయ్యాక హైమావతి వచ్చింది. తాత్కాలిక ఉద్యోగం. జుట్టు నెరుస్తున్నా ఆ తాత్కాలికం ఆమెను వదల్లేదు. నాకేమో ఆమె చెయ్యంటే ప్రాణం. ఆమె సెలవు పెట్టిన రోజు ఇంకెవరైనా నన్ను ముట్టుకుంటే ఒళ్లు మండేది.

ఇంతలో ప్రభుత్వానికి ఒక ఆలోచన వచ్చింది. ఫోన్లు, కంప్యూటర్లు, వాటిలో పోయే సమాచారం, అన్నిటి మీదా అజమాయిషీకి ఒక ప్రాధికార సంస్థ పెట్టాలట. విన్నప్పటి నుంచీ నాకు కంటి మీద కునుకు లేదు. ఇన్నేళ్లుగా ఆ పని చేస్తున్నది నేను కానా? పైగా ఆ సంస్థ ఎవరి కింద ఉండాలో రెండు శాఖలు నా తీగల మీదే తగువులాడుకున్నాయి.

"తీగ మాదండి, అందులో పోయే మాట మీది. సంస్థ మా కిందే ఉండాలి," అనేవారు టెలిఫోన్ల శాఖ జాయింట్ సెక్రటరీ పరాంకుశం గారు.

"మాటే లేకపోతే మీ తీగ బట్టలారేసుకోడానికండీ," అనేవారు అవతలి సమాచార శాఖాయన.

ఆ తగువు ఎన్నటికీ తేలకూడదని కోరుకున్నాను. తేలింది. పరాంకుశం గారే గెలిచి సంస్థకు అధిపతి అయ్యారు. మేడ మీద అద్దాల గది, చల్లగాలి, నల్లగా మెరిసే యంత్రాలు. దసరా ఆయుధపూజలో తొలి బొట్టు కూడా వాటికే పెట్టారు. ఏటా అది నాకు పెట్టేవాళ్లు.

అయితే ఆ గదిలో ఫోను లేదు. కొత్త కనెక్షన్ ఎవరికి కావాలన్నా సంస్థ సభ్యులు సమావేశమై అనుమతివ్వాలని వాళ్లే నిబంధన రాసుకున్నారు. అది వాళ్లకూ వర్తించింది. సభ్యులను పిలవడానికి ఫోను కావాలి, ఫోను రావడానికి సభ్యులు కావాలి. చివరికి పరాంకుశం గారు మెట్లు దిగి నా గదికి వచ్చారు.

"అమ్మా హైమావతీ, సభ్యులందర్నీ ఇక్కణ్ణుంచే పిలవమ్మా. సమావేశం జరిగిందంటే పైన ఆపరేటరు పోస్టు పెట్టిస్తాను. నీకే, పర్మినెంటుగా."

"అట్లాగే సార్. బోర్డు పాతది కదా, సతాయిస్తుంది. ఎట్లాగో కలుపుతాలెండి."

సతాయించాలనే అనుకున్నాను. కలిపితే ఆమె మేడెక్కి పోతుంది. ఒక తీగ మొండికేసింది, ఇంకొకటి గురగురమంది. ఆమె విసుక్కోలేదు. పిన్ను బయటికి తీసి, కొంగుతో తుడిచి, మళ్లీ మెల్లగా గుచ్చింది. ఆ చేతికి కాదని ఎలా చెప్పను? ఆఖరి సభ్యుడి దాకా కలిపాను.

సమావేశం జరిగింది. మొదటి తీర్మానం, పాత స్విచ్‌బోర్డులు తీసేయాలని. రెండోది, హైమావతి పోస్టు.

ఇప్పుడు సామాన్ల గదిలో విరిగిన బల్లల మధ్య పడి ఉన్నాను. బయటికి పోయే తీగలన్నీ కోసేశారు. మేడ మీది యంత్రాల మీద దుమ్ము వాలనివ్వరట, హైమావతే రోజూ తుడుస్తుందట.

ఆర్డరు చేతికొచ్చిన రోజు ఆమె ఇక్కడికి వచ్చింది. ఒక స్టూలు లాక్కుని నా ముందు కూర్చుని, హెడ్‌ఫోను తగిలించుకుని, మౌత్‌పీసు మీదికి వంగింది. "నాకు పర్మినెంటయిందే," అంది. హెడ్‌ఫోను తీసి, కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది.

నాలోంచి పోయిన మాటలన్నీ ఎవరెవరివో, ఇంకెవరి కోసమో. ఇది మాత్రం నాకే చెప్పింది. మేడ మీది వాటికి చెప్పలేదు.