ముప్పై రెండో పేరు

మంగళవారం పదకొండు గంటలకు యోగానంద్ లోకేశ్వరిని అద్దాల గదిలోకి పిలిచి, తలుపు వేసి, తెలుగులో మాట్లాడటం మొదలుపెట్టాడు. దాంతోనే ఆమెకు ఏదో ఉందని అర్థమైంది. కంపెనీలో ఆమె పై అధికారి అయిన ఆయన చెన్నైలో ఉంటాడు, నెలకొకసారి పుదుచ్చేరి వస్తాడు. ఆఫీసులో అందరితోనూ తమిళం, ఇంగ్లీషే. తన ఇంట్లోలాగే లోకేశ్వరి ఇంట్లోనూ తెలుగేనని తెలిసినప్పటి నుంచి, ఏదైనా ఇబ్బందైన పని చేయించుకోవాలంటే మాత్రం ఆమెతో తెలుగులోకి దిగుతాడు.

పుదుచ్చేరిలో సారం అనే పేటలో ఒక బట్టల దుకాణం పైన రెండు అంతస్తుల్లో ఉండేది ఆ కంపెనీ. విదేశీ ఆసుపత్రుల బిల్లులు సరిచూసి పంపే పని. లోకేశ్వరి తొమ్మిదేళ్ళుగా అక్కడ హెచ్.ఆర్. విభాగంలో ఉంది. కొత్తగా చేరేవాళ్ళకు కాగితాలు తయారుచేసేదీ ఆమే, మానేసేవాళ్ళ దగ్గర లాప్‌టాప్, ఐడీ కార్డు వెనక్కి తీసుకుని లెక్క తేల్చేదీ ఆమే.

"ఇక్కడి పని మొత్తం మూసేస్తున్నారు లోకేశ్వరీ. ముప్పై రెండు మంది. ఇదిగో లిస్టు."

ఆమె పేర్లన్నీ పైనుంచి కిందికి చదివింది. ముప్పై రెండోది జి. లోకేశ్వరి. కాగితాన్ని బల్లమీద పెట్టి, చేతులు దానిమీద ఆనించి అడిగింది.

"ఎప్పటికి సార్?"

"శుక్రవారానికి. అందరి దగ్గరా రాజీనామా తీసుకో. తలా ఒక నెల జీతం ఇస్తాం. నువ్వు చెప్తే వింటారు. ఈ పని గొడవ లేకుండా ముగించావంటే నీకు నాలుగు నెలలు ఇప్పిస్తాను. అది మనిద్దరి మధ్యనే."

రాజీనామా అంటే ఎవరంతట వాళ్ళు మానేసినట్టు. కంపెనీయే తీసేస్తే, చేరినప్పుడు ఇచ్చిన ఉత్తరం ప్రకారం రెండు నెలల నోటీసు జీతం ఇవ్వాలి, ఉద్యోగం పోయినందుకు పరిహారం ఇవ్వాలి. తనంతట తాను మానేసినవాడికి ఆ రెండూ ఉండవు. ఇది లోకేశ్వరికి తెలిసినంత బాగా ఆ ఆఫీసులో ఇంకెవరికీ తెలియదు.

"కాగితాలన్నీ నేనే చేస్తాను సార్. తీసేసినట్టుగా చేస్తాను. రాజీనామా మాత్రం ఎవురినీ అడగను."

"రాజీనామా వాళ్ళకే మంచిది. రేపు ఇంకోచోట చేరేటప్పుడు మచ్చ ఉండదు."

"ఇక్కడి పని మూసేసినందువల్ల అని రాస్తే మచ్చ యాడుంది సార్?"

ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు. "నాలుగు నెలలు లోకేశ్వరీ. ఆలోచించుకో."

"ఇప్పుడు మీరు చెప్పినదంతా మెయిల్లో పెట్టండి సార్. చదివి జవాబిస్తాను."

యోగానంద్ ఇంగ్లీషులోకి మారిపోయాడు. అలాంటి మెయిల్ రాదని ఇద్దరికీ తెలుసు.

మర్నాడు చెన్నై నుంచి కీర్తిక అనే అమ్మాయిని పంపించారు. పాతికేళ్ళుంటాయేమో. అద్దాల గదిలో కూర్చుని ఒక్కొక్కరినే పిలిచి, ముందే అచ్చువేసిన రాజీనామా పత్రాన్ని వాళ్ళ ముందు పెట్టింది. మూడోవాడిగా లోపలికి వెళ్ళిన గోకుల్ ఐదు నిమిషాల్లో బయటికొచ్చి, కాగితం పట్టుకుని నేరుగా లోకేశ్వరి బల్ల దగ్గరికి వచ్చాడు. బిల్లింగులో నాలుగేళ్ళుగా ఉన్నాడు. భార్య దీపకు ఏడో నెల.

"అక్కా, ఈరోజే సంతకం పెట్టాలంట. లేదంటే ఆ నెల జీతం కూడా ఉండదంట. కాన్పుకి కంపెనీ ఇన్సూరెన్సునే నమ్ముకొని ఉండాము."

"నువ్వే రాజీనామా చేస్తే ఇన్సూరెన్సు ఆ రోజుతో సరి. వాళ్ళు తీసేస్తే మనం కూర్చుని అడగొచ్చు. అందుకే చెప్తా ఉండాను, ఈరోజు పెట్టొద్దు."

"ఏం చెప్పేది ఆమెకి?"

"ఇంటికి తీసుకుపోయి చదువుకుని వస్తానని చెప్పు. అంతే. గొడవ పడొద్దు, గొంతు పెంచొద్దు."

గోకుల్ లోపలికి వెళ్ళి అదే చెప్పాడు. అతని తర్వాత వెళ్ళినవాళ్ళందరూ అదే చెప్పారు. కీర్తిక కోప్పడలేదు. సాయంత్రం లోకేశ్వరి దగ్గరికి వచ్చి, "నన్ను ఈ కాగితాలతో పంపించారు మేడమ్, నాకేం తెలియదు" అంది. "తెలుసమ్మా, నేనూ నీ కుర్చీలో కూర్చున్నదాన్నే" అని లోకేశ్వరి ఆమెకు టీ చెప్పింది. అంతకుముందే సంతకం పెట్టిన ఇద్దరి చేతా, రాజీనామా వెనక్కి తీసుకుంటున్నామని ఆ సాయంత్రమే మెయిల్ రాయించింది.

గురువారం ఆఫీసుకు వెళ్ళకుండా ఇంట్లో కూర్చుని కార్మిక అధికారికి ఇవ్వాల్సిన అర్జీ రాసింది. భర్త గణేశన్ మోటారు సామాన్ల దుకాణానికి సెలవు పెట్టి వంట చేశాడు. నాలుగు నెలల సంగతి ఆయనకు చెప్పింది. "వదులుకున్నావా?" అన్నాడు. "వదులుకున్నా." ఆయన చారులో ఉప్పు చూసి, "సెరి, రాయి" అన్నాడు.

అర్జీలో ఎవరికేమి రావాలో వరుసగా రాస్తూ వచ్చింది. గ్రాట్యుటీ దగ్గర, 'అయిదేళ్ళు దాటినవారికి, రాజీనామా చేసినా సరే, ఇవ్వవలసినది' అని రాసి ఆగిపోయింది. ఆఫీసు వ్యాను నడిపిన వీరాసామి గుర్తొచ్చాడు. ఏడేళ్ళు పనిచేశాడు. రెండేళ్ళ కిందట వ్యాను ఎత్తేసినప్పుడు అతని రాజీనామా టైపు చేసింది లోకేశ్వరే. గ్రాట్యుటీ సంగతి ఆమె అడిగితే, "అతను అడిగితే ఇద్దాం" అన్నాడు యోగానంద్. వీరాసామి అడగలేదు. అలాంటిది ఒకటుందని అతనికి తెలియదు. ఆమె చెప్పలేదు.

శుక్రవారం అర్జీ ఇచ్చేసి, శనివారం పొద్దున బస్సెక్కి అరియాంకుప్పం వెళ్ళింది. వీరాసామి ఇంటి ముందు తన ఆటోను కడుగుతున్నాడు. భార్య పాప్పాత్తి కుర్చీ వేసింది. లోకేశ్వరి కూర్చోకుండానే చెప్పింది.

"వీరాసామన్నా, నీకు రావాల్సిన దుడ్డు ఒకటి ఉండాది. నువ్వు పని మానినప్పుడే రావాల. నాకు తెలిసీ చెప్పలేదు."

వీరాసామి నీళ్ళ గొట్టం కట్టేశాడు. పాప్పాత్తే ముందు మాట్లాడింది.

"తెలిసీ చెప్పలేదా? ఎందుకమ్మా?"

"అడిగితే ఇద్దామన్నారు సారు. నాకు నా ఉద్యోగం పెద్దదిగా కనిపించింది."

"ఆ ఏడే మా పెద్దదాన్ని నర్సింగు చదువు మానిపించినాము. ఫీజు కట్టలేక." పాప్పాత్తి గొంతు పెంచకుండా చెప్పింది. "ఇప్పుడది దుకాణంలో నిలబడి చీరలు మడతపెడతా ఉండాది."

వచ్చే దారిలో అనుకున్న మాటలేవీ అక్కడ పనికిరావని లోకేశ్వరికి తెలిసింది. వీరాసామి అడిగాడు.

"ఇప్పుడు నీ ఉద్యోగమూ పోయిందంటనే. గోకుల్ చెప్పినాడు. అందుకే వచ్చినావా?"

"అవునన్నా. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ రాలేదు. అబద్ధం చెప్పను."

అతను తడి చేతులు లుంగీకి తుడుచుకుని ఎదురుగా గట్టుమీద కూర్చున్నాడు. "సెరి. ఏం చేయాలో చెప్పు."

సంచిలోంచి దరఖాస్తు తీసింది. ఆలస్యమైనా అడగొచ్చని, ఆలస్యానికి కారణం తానేనని వేరే కాగితంలో రాసి సంతకం చేసి తెచ్చానని చెప్పింది. వీరాసామి కలం తీసుకుని, "యాడ పెట్టాల?" అన్నాడు.

"ముందు నేను చదువుతాను. అంతా విన్నాక పెట్టన్నా."

ఇంగ్లీషులో ఉన్న ఒక్కో వాక్యం చదివి, తెలుగులో అర్థం చెప్పింది. పాప్పాత్తి గుమ్మంలో నిలబడి మొత్తం వింది, రెండుచోట్ల మళ్ళీ చదవమంది.

కార్మిక అధికారి పిలిచిన తేదీకి నాలుగు రోజుల ముందే కంపెనీ మాటలకొచ్చింది. యోగానంద్‌తో పాటు ఒక వకీలు వచ్చాడు. ఇవతల లోకేశ్వరి, గోకుల్, ఇంకో ఇద్దరు. ఆమె ముప్పై రెండు మంది లెక్కలూ విడివిడిగా వేసి తెచ్చింది. వకీలు వాటిని తిరగేసి, రెండు ప్రశ్నలు అడిగి, యోగానంద్ చెవిలో ఏదో చెప్పాడు. ఆ తర్వాత వాదన ఎక్కువసేపు సాగలేదు. అందరికీ తీసివేత ఉత్తరం, అందులో కారణం స్పష్టంగా. రెండు నెలల నోటీసు జీతం, పరిహారం, మిగిలిన సెలవులకు డబ్బు, అయిదేళ్ళు దాటినవాళ్ళకు గ్రాట్యుటీ. ఇన్సూరెన్సు దగ్గర మాత్రం వకీలు గట్టిగా పట్టుబట్టాడు. లోకేశ్వరి కూడా వదల్లేదు. చివరికి మూడు నెలలు పొడిగించారు. పనిచేసినట్టు సర్టిఫికెట్ కూడా ఆఖరి రోజే చేతికివ్వాలని ఆమె అడిగింది. తర్వాత పంపిస్తామంటే ఎన్ని నెలలు పడుతుందో ఆమెకు తెలుసు.

లేచేటప్పుడు యోగానంద్ తెలుగులో అన్నాడు, "నీకే నష్టం చేసుకున్నావు లోకేశ్వరీ."

"లేదు సార్. నాదీ లెక్క వేసే తెచ్చాను."

ఆఖరి రోజు ముప్పై ఒక్క మంది లాప్‌టాపులు తీసుకుని, సంఖ్యలు సరిచూసి, ఉత్తరాలు ఇచ్చింది. దీపకు మరుసటి నెల ఆడపిల్ల పుట్టింది, ఆసుపత్రి బిల్లు ఇన్సూరెన్సులోనే పోయింది. వీరాసామి డబ్బు నాలుగో నెలలో వచ్చింది. అతనే ఫోన్ చేసి చెప్పాడు. "పాప్పాత్తికి ఇంగా నీ మీద కోపం ఉండాది. కొన్నాళ్ళు ఇంటికి రావద్దు" అని కూడా చెప్పాడు. లోకేశ్వరి సరేనంది.

ఆ నెలలోనే సేదరాపట్టులో మందులు ప్యాక్ చేసే ఒక చిన్న కంపెనీకి ఇంటర్వ్యూకి వెళ్ళింది. యజమాని శివగామి అరవై దాటినావిడ. కాగితాలు చూసి అడిగింది.

"రాజీనామా చేశారా?"

"లేదు మేడమ్. తీసేశారు. కారణం ఉత్తరంలో ఉంది."

"ముప్పై రెండు మంది కాగితాలూ మీరే చేశారా?"

"నేనే."

"మీది కూడానా?"

"నాది కూడా. ఆఖరున చేసుకున్నాను."

శివగామి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది. తన దగ్గర డెబ్భై మంది పనిచేస్తున్నారని, సగం మందికి ఉద్యోగంలో చేరినట్టు ఉత్తరమే లేదని, అది సరిచేసే మనిషి కావాలని చెప్పింది. సోమవారం చేరగలరా అని అడిగింది.

"చేరగలను మేడమ్," అంది లోకేశ్వరి. "ముందు జీతం మాట్లాడుకుందాం."