సగం కాక

కాగితాలు అంటుకోగానే వెంకటయ్య తన డప్పు పలకను మంటకు జానెడు ఎత్తున పట్టి తిప్పడం మొదలుపెట్టాడు. ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మిద్దె మీద, పొద్దున పదింటికి. తిప్పుతూ తిప్పుతూ తోలును వేలితో తట్టి చూస్తున్నాడు. ఇంకో రెండు నిమిషాలు కాస్తే కంగుమంటుంది. నలభై ఏళ్లుగా ఆ వేలికి తెలిసిన సంగతే. అయినా మంట మీద చెంబెడు నీళ్లు కుమ్మరించాడు.

సగం కాక చాలు వీళ్లకు.

అనుమానం పుట్టి పదిరోజులైంది. ‘నల్లరేగడి’ బ్యాండు నాలుగేళ్ల కిందట పులివెందుల కాలేజీ వార్షికోత్సవంలో పుట్టింది. గిటారు గుణశేఖర్‌ది, పాట ఈ అంగడివాళ్ల అమ్మాయి శిల్పది, పలక వెంకటయ్యది. అంతకుముందు అతను జమ్మలమడుగు చుట్టుపక్కల పీనుగుల ముందూ జాతరల్లోనూ కొట్టేవాడు. చప్పుడు విన్నవాళ్లే గాని పేరు అడిగిన పాపాన పోయినవాళ్లు లేరు. ఈ పిల్లలు వేదిక మీద కుర్చీ వేశారు, మైకులో పేరు చెప్పారు, బెంగళూరు దాకా తీసుకుపోయారు. ఆ బెంగళూరులోనే చూశాడు, వేరే బ్యాండువాడొకడు మీట నొక్కితే డోలు మోగడం. డోలూ లేదు, కొట్టేవాడూ లేడు. ఆనాటినుంచి వెంకటయ్యకు ముద్ద దిగడం లేదు.

తిరిగొచ్చిన వారానికే గుణశేఖర్ రికార్డింగుకని ఒక్కో దెబ్బా విడివిడిగా కొట్టమన్నాడు. తను గదిలోకి వస్తే ఇద్దరూ మాటలు ఆపేస్తున్నారు. లాప్‌టాప్ మూసేస్తున్నారు. ఇంకేం రుజువు కావాలి? తన చేతిని ఆ పెట్టెలో పోసుకుని తనను ఇంటికి సాగనంపుతారు. అసలు నాదం ఇస్తే కదా దాచుకునేది!

చప్పుడు మారుమోగకుండా గది గోడలకు బట్టల మూటలు పేర్చారు. వాటి మధ్య నిలబడి పలకను భుజానికి ఆనించి కొట్టాడు. ఎముకలు తేలిన మణికట్టు, దాని మీద పాత కాలిన మచ్చలు. పొద్దుటినుంచి ఎడమ జబ్బ లాగుతూనే ఉంది.

“మెత్తగా పలుకుతాంది మామా. ఇంగొంచెం కాస్తావా?” అంది శిల్ప.

“గాల్లో చెమ్మ ఉందమ్మా. ఇంతకంటే బిగుసుకోదు.”

అబద్ధం ఆడినందుకు సిగ్గుపడలేదు. పైగా లోలోపల మురిసిపోయాడు.

సాయంత్రం సంచి సర్దుకుంటుంటే గుణశేఖర్ ఇయర్‌ఫోన్లు తెచ్చి అతని చెవుల్లో పెట్టాడు.

“దాచిపెట్టి నీకు ఒకేసారి చూపిద్దామనుకున్యాం మామా. కొత్త ఆల్బంలో మొదటిది నీ పలక ఒక్కటే. మా పాట లేదు, గిటారు లేదు. పేరు కూడా నీదే. ‘వెంకటయ్య’ అని.”

వెంకటయ్య విన్నాడు. తడిసిన అట్టను తట్టినట్టుంది. ఎవరో చేతకానివాడు తన పేరు పెట్టుకుని కొడుతున్నాడు. తలెత్తి వాళ్ల ముఖాలు చూడలేకపోయాడు.

“ఇది వొద్దప్పా. తీసెయ్. రేపు మళ్లా కొడతా.”

“బాగనే ఉంది గదా మామా?”

“ఏం బాగు! కాక చాల్లేదు. రేప్పొద్దున్నే వస్తా,” అని మెట్లు దిగాడు.

బస్టాండు దగ్గర పండ్లమ్మే ఖాజాబీ చీనీకాయల పెట్టెలు ఖాళీ చేస్తోంది. కాయల కింద పరిచిన ఎండు వరిగడ్డి కుప్పగా పడి ఉంది. కాగితాల మంట పైపైనే పోతుంది, గడ్డిమంట తోలు లోపలికంటా ఎక్కుతుంది. చేతులనిండా ఎత్తుకున్నాడు.

“ఏందన్నా, బర్రెను గాని కొన్యావా?” అని నవ్వింది ఖాజాబీ.

“లేదుమ్మా. రేపు నా పలక కాచల్ల,” అంటూ తువ్వాలలో మూట కట్టుకున్నాడు.

బస్సులో కిటికీ పక్కన కూర్చుని కళ్లు మూసుకున్నాడు. తొడ మీద వేళ్లు కాసేపు తాళం వేసి ఆగిపోయాయి. జమ్మలమడుగులో అందరూ దిగాక కండక్టర్ వచ్చి భుజం తట్టాడు. రెండోసారి తట్టి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, డ్రైవర్‌ను కేకేశాడు. నలుగురు పట్టి దించారు. ఎవరో పలకను కూడా అందుకున్నారు.

సీటు కింద గడ్డి మూట ఉండిపోయింది, చీనీకాయల వాసనతో.