నఫీ అరుపు

నఫీ అరుపు ఊరికి వినపడకుండా చేసింది నేనే. కూలికి పోయే అక్కలారా, బడికి పోయే పిల్లలారా, ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. రేపు ఎవరో చెబితే విని నన్ను అసహ్యించుకునే బదులు, ఇప్పుడు నా నోటితోనే విని అసహ్యించుకోండి. తర్వాత జరిగింది కూడా వినండి.

రెండేళ్ళ కిందటి మాట. మా ఊరిపెద్ద జంకుంగ్ ఇంటి వెనక, తాటాకు దడి కట్టిన పెరట్లో ఏడుగురు ఆడపిల్లలకు సున్తీ చేశారు. లోపల టాకో ముసలమ్మ కత్తి పట్టుకుని కూర్చుంది. దడి బయట నేను నీళ్ళ తొట్టిలో సొరబుర్ర బోర్లించి రెండు పుల్లలతో వాయిస్తున్నాను. అది నా పని. కన్న పిల్లల్ని మట్టిలో పెట్టుకున్న తల్లులం మేము, మమ్మల్ని కన్యెలెంగ్ అంటారు. చావు మావైపు చూడకూడదని చింకిపాతలు కట్టుకుంటాం, పూసల బదులు డబ్బా మూతలు గుచ్చి మెళ్ళో వేసుకుంటాం, పెళ్ళిళ్ళలో బూతులు పాడి జనాన్ని నవ్విస్తాం. మేము ఏమన్నా ఊరిపెద్ద కూడా కోప్పడకూడదు. నాట్లలో మా సొరబుర్ర మోగనిదే ఆడవాళ్ళ చేతులు కదలవు. సున్తీ రోజు అది మోగనిదే టాకో చెయ్యి కదలదు.

నఫీకి ఏడేళ్ళు. నా పక్క మడి జలికాది, ఆమె కూతురే నఫీ. లోపల ఆ పిల్ల కాళ్ళు పట్టుకున్నది కూడా జలికాయే. మొదటి అరుపు అందరి పిల్లల అరుపులాగే ఉంది. రెండో అరుపు అలా లేదు. నాకు తెలిసింది. తెలిసి ఇంకా గట్టిగా వాయించాను. అరుగు మీద టీ కాచుకుంటున్న మగవాళ్ళు తాళానికి తలలూపారు. పొద్దు నడినెత్తికి వచ్చేసరికి నఫీ లేదు. దయ్యం కొట్టిందన్నారు. రక్తంతో తడిసిన గుడ్డలు నా తొట్టి పక్క నుంచే పట్టుకుపోయారు. ఆ రోజు నుంచి జలికా నాతో మాట్లాడలేదు. పక్కపక్కనే నడుం వంచి నాటు వేస్తాం, నారుకట్ట అందిస్తే తీసుకుంటుంది, కళ్ళు మాత్రం ఎత్తదు.

అప్పటికే మా గాంబియా దేశంలో చట్టం ఉంది. ఆడపిల్లకు సున్తీ చేస్తే మూడేళ్ళ జైలు, పిల్ల చనిపోతే యావజ్జీవం, తెలిసీ చెప్పకపోయినా శిక్ష. చట్టం రాజధానిలో ఉంది. మా ఊళ్ళో జంకుంగ్ ఉన్నాడు.

మావి గాంబియా నది పోటుకు మునిగి తేలే వరి భూములు. బురద తొక్కేది మేము, నాటేది మేము, కోసేది మేము. ఏ మడి ఎవరికో చెప్పేది మాత్రం జంకుంగ్. అందుకని ఏటేటా మొదటి నాటు ఆయన మడుల్లో ఊరికే వేసిపెట్టాలి. మా ఆడవాళ్ళ సంఘంలో అరవై మందిమి, అరవై మందీ దిగాలి. ఊళ్ళో దాన్ని మర్యాద అంటారు. నేను వెట్టి అంటాను.

ఈసారి వానలు పడి నారు ఎదిగిన ఒక ఆదివారం జంకుంగ్ గొడుగేసుకుని నారుమళ్ళ దగ్గరికి వచ్చాడు.

"ఇనుండ్రి," అన్నాడు. "రేపు గాదు, పై సోమవారం రాజధానిల పార్లమెంటోళ్ళు చట్టం తీసేసేటందుకు ఓట్లు ఏస్తరు. ఆ సున్తీ చట్టం సోమవారంతోని సచ్చిపోతది. దాని శవం లేసేదాకా మనం ఆగేదేంది? బుధవారం నా మడుల్ల నాట్లు. శనివారం పొద్దుగాల పిల్లలను మా పెరట్లకు తోలుకరండ్రి."

"చట్టానికి తొమ్మిదేండ్లు, నీకు డెబ్బై," అన్నాను నేను. "ఎవరు ముందుగాల పోతరో జర సూసుకో పెద్దయ్యా."

ఆడవాళ్ళు పగలబడి నవ్వారు. కన్యెలెంగ్ మాట కాబట్టి ఆయనా నవ్వాల్సి వచ్చింది. నవ్వుతూనే జేబులోంచి కాగితం తీసి పదకొండు పేర్లు చదివాడు. ఆరో పేరు సుంతుకుం.

సుంతుకుం నా కూతురు. ఎనిమిదేళ్ళది. ఐదుగురిని కంటే మిగిలింది అదొక్కతే. సుంతుకుం అంటే మా భాషలో పెంటకుప్ప. చావు ఆ పేరు విని మొహం తిప్పుకుని పోవాలని పెట్టుకున్నాం. చావు అలాగే పోయింది. జంకుంగ్ పోలేదు.

"నా బిడ్డ పేరు నేనియ్యలే," అన్నాను.

"మీ బావ దెంబో ఇచ్చిండు. నీ మొగడు పోయినంక మీ ఇంటికి మగదిక్కు ఆయనే గద?" అని గొడుగు సర్దుకుని వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం కూరగాయల బావి దగ్గర సంఘం కూర్చుంది. యసిన్ లేచింది. ఇరవై ఏళ్ళ పిల్ల, తొమ్మిదో తరగతి దాకా చదివింది, మా సంఘం లెటర్లు రాసేది ఆమే.

"చట్టం సోమవారం దాకా బతికే ఉన్నది. నఫీ పోయినప్పుడు రెండుసార్లు పోలీసులకాడికి పోయిన. సూసినోళ్ళను తీస్కరా, అప్పుడు రాస్త అన్నడు ఆఫీసరు. ఎవ్వరు రాలే."

నేను బావిలోకి చూస్తూ ఉండిపోయాను.

"మేమందరం చేయించుకున్నోళ్ళమే," అంది ఒక ముసలామె. "సచ్చినమా? చేయించుకోని పిల్ల వండితే ఎవడు తింటడే? ఎవడు చేసుకుంటడు?"

"అత్తా, నీ మూడు కాన్పులల్ల రెండుసార్లు సచ్చి బతికినవని నువ్వే చెప్తివి గద! అది ఎందుకైందో దవాఖానల నర్సమ్మ చెప్పింది, మర్చిపోయినవా?" అంది యసిన్.

"నర్సమ్మ ఈ ఊర్లె కాపురం చేస్తదా? రేపు మడి గుంజుకుంటే నర్సమ్మ బువ్వ పెడ్తదా?"

ఆ మాటకు అందరూ ఒకేసారి అరవడం మొదలుపెట్టారు. వానాకాలం మాకు ఆకలి కాలం. గాదెలు ఖాళీ. పాత పంట అయిపోయింది, కొత్తది ఇంకా నారుమడిలోనే ఉంది. మడి పోతే వచ్చే ఏడు కూడా పోయినట్టే. ఎవరి భయం వాళ్ళది, ఏ భయమూ అబద్ధం కాదు.

అప్పుడు జలికా లేచింది. ఆమె సంఘంలో నోరు విప్పి రెండేళ్ళయింది.

"నా చేతులు వాని మడిల దిగయి," అంది. "పిల్లల పేర్ల కాయితం చింపేదాక దిగయి." అంతే, కూర్చుంది.

"నా సొరబుర్ర మోగదు," అన్నాను నేను. "నాట్లకూ మోగదు, శనివారమూ మోగదు."

"నీ మడి గుంజుకుంటడే సిర్రా!"

"ఒక్క మడి గుంజుకుంటడు, రెండు గుంజుకుంటడు," అంది యసిన్. "అరవై మడులు గుంజుకొని ఎవనితోని నాటిస్తడు? ఆయన కొడుకులకు నారేదో గడ్డేదో తెలుసా?"

నవ్వులు పుట్టాయి. నవ్వులోనే చేతులు లేచాయి. ముసలామె చెయ్యి ఆఖరున లేచింది. అదీ సగమే.

బుధవారం జంకుంగ్ గట్టు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఎవరూ దిగలేదు. అరవై మందిమి అవతలి గట్టు మీద పల్లీలు వేయించుకు తింటూ కూర్చున్నాం. గురువారం పొద్దున నా మడిలో, జలికా మడిలో, యసిన్ తల్లి మడిలో ఎర్రగుడ్డలు కట్టిన కర్రలు పాతి ఉన్నాయి. ఆ మడులు ఇక మావి కావని అర్థం. శుక్రవారం తొమ్మిది మంది వెనక దారిన ఆయన మడుల్లో దిగారు. వాళ్ళను తిట్టబోతే యసిన్ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "వాళ్ళ పిల్లలు నిన్నటి సంది తినలే అక్కా" అంది. సొరబుర్ర లేకపోయేసరికి వాళ్ళ వరసలు వంకర పోయాయి. మధ్యాహ్నానికి ఐదుగురు బురద కాళ్ళతోనే వెనక్కి వచ్చి మా పక్కన కూర్చున్నారు. వాళ్ళ ముందుకూ పల్లీలు జరిపాం. నారు కొసలు పసుపుబారుతున్నాయి. ఇంకో మూడు రోజులైతే ముదిరి పనికిరాకుండా పోతుంది. నాకు భయం వేసింది. నా ఒక్క కూతురి కోసం అరవై ఇళ్ళ బువ్వ మట్టిపాలు చేస్తున్నానా అనిపించింది.

శనివారం పొద్దున బావి నుంచి నీళ్ళు మోసుకొచ్చేసరికి గుమ్మంలో సుంతుకుం చెప్పులు మాత్రమే ఉన్నాయి. "కొత్త చెప్పులు కొనిస్తనని దెంబో తీస్కపోయిండు" అని పక్కింటావిడ చెప్పింది. బిందె అక్కడే పారేసి పరుగెత్తాను.

జంకుంగ్ పెరటి దడి మూసి ఉంది. దడి సందుల్లోంచి పదకొండు జతల కాళ్ళు కనిపిస్తున్నాయి. పదకొండింటిలో నా బిడ్డ కాళ్ళు నాకు తెలియవా? పిల్లల్ని తోలుకొచ్చిన మగవాళ్ళు అరుగు మీద టీ కాస్తున్నారు, దెంబో వాళ్ళలోనే ఉన్నాడు. జంకుంగ్ నాకంటే తెలివైనవాడు. పొరుగూరి నుంచి నలుగురు కన్యెలెంగులను గాడిదబండి మీద పిలిపించాడు. వాళ్ళు అప్పుడే తొట్టి దించి నీళ్ళు పోస్తున్నారు.

"అక్కా," అన్నాను వాళ్ళ పెద్దామెతో. ఊపిరి ఆడటం లేదు. "రెండేండ్ల కింద ఇక్కడ్నే నేను వాయించిన. నా వాయింపుల ఒక పిల్ల సచ్చింది. లోపల ఇప్పుడు నా బిడ్డ ఉన్నది. ఐదుగురిల ఒక్కతే మిగిలింది."

ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది. నా మెళ్ళో డబ్బా మూతలు చూసింది. ఆమె మెళ్ళోనూ అవే ఉన్నాయి. "నేను నలుగురిని పెట్టిన మట్టిల," అని, జంకుంగ్ వైపు తిరిగింది. "థూ నీ మొహం! పిల్లలను పోగొట్టుకున్నోళ్ళ తోటే పిల్లల సావుకు వాయిద్యం పెట్టిస్తవా?" అని కాలితో తొట్టి తన్నింది. నీళ్ళు జంకుంగ్ తెల్లంగీ మీద పడ్డాయి.

ఈలోగా పక్కింటావిడ కబురు చెబితే సంఘం నారుమళ్ళ నుంచే వచ్చేసింది. యాభై మందికి తక్కువ లేరు, బురద కాళ్ళు, చేతుల్లో నారుకట్టలు. దడి చుట్టూ కూర్చున్నారు. ఎవరూ అరవలేదు, ఎవరూ పాడలేదు.

"టాకో, కానియ్యి!" అని గద్దించాడు జంకుంగ్.

"బుర్ర ఏది?" అంది లోపలి నుంచి టాకో.

"బుర్ర లేకుంటే నీకు చేతులు రావా?"

"యాభై ఏండ్ల సంది చేస్తున్న. ఒక్క పిల్ల ఏడుపు పూర్తిగ ఇనలే. ఇప్పుడు ఇనమంటవా?"

జలికా లేచి నిలబడింది. చేతిలో నారుకట్ట కింద పెట్టి, కళ్ళు మూసుకుని, నోరు తెరిచి అరిచింది. అది జలికా గొంతు కాదు. ఏడేళ్ళ పిల్ల అరుపు. మొదట మామూలు అరుపు, తర్వాత రెండోది. నా చేతులు వాటంతటవే కొంగులోని పుల్లల కోసం వెతికాయి. అరుగు మీద టీ గ్లాసులు దొర్లాయి. "ఎవరది? ఎవరికేమైంది?" అంటూ మగవాళ్ళు దడి దగ్గరికి పరుగెత్తుకొచ్చారు.

"నఫీకి," అంది జలికా. "అప్పుడు మీకు ఇనపడలే. ఇప్పుడు ఇనపడ్డదా?"

దెంబో తల దించుకున్నాడు. నాకు జాలి కలగలేదు. టాకో గుడ్డలో చుట్టిన కత్తి గుమ్మంలో పడేసి, ఎవరి వైపూ చూడకుండా ఇంటికి నడిచిపోయింది. యాభై మందిమి తాటాకు దడి మీద పడ్డాం. అది విరగడానికి ఎంతసేపు పడుతుంది? సుంతుకుం నా నడుముకు అతుక్కుపోయింది. చెప్పుల్లేవు, ఒంటి మీద చిన్న గీత కూడా లేదు.

మేము పిలిస్తే రెండేళ్ళయినా రాని పోలీసు బండి జంకుంగ్ పిలిస్తే అరగంటలో వచ్చింది. దడి విరగ్గొట్టారని, ఊరి శాంతి చెడగొట్టారని నన్ను, జలికాను, యసిన్‌ను ఎక్కించారు. బండి ముందు సంఘం నడిచింది. హారన్ కొట్టినా ఎవరూ పక్కకు జరగలేదు. మైలు దూరం రావడానికి గంట పట్టింది. పదకొండు మంది పిల్లలూ మా వెంటే వచ్చారు.

స్టేషన్లో ఆఫీసరు పుస్తకం తెరిచాడు. యసిన్ తాను రాసిపెట్టుకున్న ఫిర్యాదు కాగితం దాని మీద పెట్టింది.

"ముందుగాల మాది రాయుండ్రి సారూ. నఫీ సావు. ఇయ్యాల్టి పదకొండు మంది పిల్లలు. చట్టం సోమవారం దాకా ఉన్నది."

"ఆ పాత సంగతి నాకు ఎన్నిసార్లు చెప్తవమ్మా? సూసినోళ్ళేరి?" ఆఫీసరు నవ్వాడు. "సూసినోళ్ళంటే చేసినోళ్ళే. జైలుకు పోయేటందుకు ఎవరొస్తరు?"

కిటికీ నిండా ఆడవాళ్ళ ముఖాలు. సుంతుకుం నా చింకిపాత కొంగు పట్టుకుని ఉంది. నేను లోపలికి పోతే దీనికి దిక్కెవరు? దెంబోయే కదా? ఆ ఒక్క ప్రశ్నే రెండేళ్ళుగా నా నోరు కట్టేసింది. ఈ రోజూ కట్టేయబోయింది.

"నేను," అన్నాను. "నేనున్న. రాయి. చేయించింది జంకుంగ్. కత్తి పట్టింది టాకో. పిల్ల అరుపు బయటికి పోకుంట వాయించింది సిర్రా. నేనే సిర్రా."

"తెలిసే మాట్లాడుతున్నవా? ఇది రాస్తే నిన్ను ఈ గడప దాటనియ్య."

"జంకుంగ్‌నూ దాటనియ్యవు గద? రాయి."

కలం జంకుంగ్ పేరు దగ్గర ఆగింది. ఆఫీసరు కిటికీ వైపు చూశాడు. కిటికీ బయట ఒక్కరూ కదల్లేదు. కలం మళ్ళీ కదిలింది.

"పిల్ల కాళ్ళు పట్టిందెవరు?" అన్నాడు తలెత్తకుండా.

నా పక్కన జలికా తన రెండు చేతుల వైపు చూసుకుంది.

"నేను దడి బయట ఉన్న," అన్నాను. "నాకు కనపడలే."

వేలిముద్ర వేయించుకున్నారు. సంఘం పట్టుబట్టి ముద్ర కొట్టిన నకలు తీసుకుంది. కానిస్టేబుల్ నా రెక్క పట్టుకున్నాడు. సుంతుకుం ఏడవడం మొదలుపెట్టింది.

"సిర్రా."

రెండేళ్ళ తర్వాత జలికా నోట నా పేరు. ఆమె సుంతుకుంను ఎత్తుకుని చంకనేసుకుంది. ఎనిమిదేళ్ళ పిల్ల, కాళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి.

"ఇది నాకాడ పంటది. దెంబో ఒస్తే నేను సూస్కుంట," అంది. ఇంకో చెయ్యి నా ముందు చాపింది. "ఆ పుల్లలు ఇటియ్యి. పొద్దుగాల ఎర్రగుడ్డలు పీకి మన మడుల్ల నాటెయ్యాలె. నారు ముదురుతున్నది."

కొంగులో దోపుకున్న రెండు పుల్లలూ తీసి ఆమె చేతిలో పెట్టాను.